పడిశానికి పెన్సిలిన్ పనిచేస్తుందా?

వానాకాలం మొదలై పదిరోజులు తిరక్కుండానే తరగతిలో తుమ్ములు మొదలవుతాయి. ముందు బెంచీలో ఒకడు తుమ్ముతాడు. మర్నాటికి వాడి పక్కవాడు అందుకుంటాడు. వారం గడిచేసరికి లెక్కల మాస్టారు కూడా చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బోర్డుమీద రాస్తుంటారు. జలుబు అనండి, పడిశం అనండి, రొంప అనండి, ఈ భూమ్మీద దీని బారిన పడనివాడు లేడు. చిన్నపిల్లలకైతే ఏడాదికి ఆరుసార్లో ఎనిమిదిసార్లో రావడం మామూలే.

తరవాత ఇంట్లో జరిగేది మీకు తెలిసిందే. మొదటిరోజు మిరియాల చారు. రెండోరోజు పసుపు వేసిన వేడిపాలు. మూడోరోజుకి ఒళ్ళు వెచ్చబడుతుంది, దగ్గు మొదలవుతుంది, నీళ్ళలా కారుతున్న ముక్కు చిక్కబడి పచ్చగా మారుతుంది. "ఇక లాభం లేదు, యాంటీబయోటిక్ పడాల్సిందే" అని ఎవరో ఒకరు అంటారు. మందుల షాపు నుంచి గొట్టాలో బిళ్ళలో వస్తాయి. చెల్లాయికైతే నీళ్ళు పోసి కలిపే పొడిమందు సీసా వస్తుంది. రెండుమూడు రోజులు వాడాక జలుబు తగ్గుముఖం పడుతుంది. "చూశావా, మందు పడగానే ఎలా పారిపోయిందో!" అంటారు.

మందు వల్లనే పారిపోయిందా? కాస్త నిదానంగా చూద్దాం. ఎందుకంటే ఈ మందు అనవసరంగా వాడితే ఊరికే పోయేది డబ్బొక్కటే కాదు.

జలుబుకు తనదంటూ ఒక నడక ఉంది. తొలిరోజు గొంతులో గరగర. రెండు, మూడు రోజుల్లో ముదురుతుంది. తరవాత మెల్లగా దిగుతూ ఏడురోజుల నుంచి పదిరోజుల లోపల పోతుంది. దగ్గు మాత్రం మొండిది. రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు కూడా వెంటపడుతుంది. మందు వేస్తే వారం, వెయ్యకపోతే ఏడురోజులు అని మనవాళ్ళు నవ్వుతూ అనే మాటలో చాలా నిజముంది. ఇప్పుడు ఒక చిన్న లెక్క చెయ్యండి. మనం మందు ఎప్పుడు మొదలుపెడతాం? జలుబు ముదిరి భయం పుట్టినప్పుడు, అంటే మూడోరోజో నాలుగోరోజో. జలుబు తనంతట తాను దిగడం మొదలుపెట్టేదీ అప్పుడే! తన కోడి కూయకపోతే, తన కుంపటిలో నిప్పు లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ మీరు వినే ఉంటారు. పాపం ఆవిడ కోడి రోజూ కూసిన మాట నిజమే, ఆ తరవాత తెల్లవారిన మాటా నిజమే.

ముసలమ్మ నమ్మకాన్ని పరీక్షించాలంటే ఒకరోజు కోడిని పొరుగూరికి తీసుకుపోవాలి. వైద్యులూ అదే చేశారు. జలుబు చేసినవాళ్ళను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు యాంటీబయోటిక్, రెండో జట్టుకు చూడడానికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ళ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో అటు రోగులకూ ఇటు చూసే వైద్యులకూ తెలియనివ్వలేదు. ఇలాంటి పరీక్షలు చాలా దేశాల్లో, పిల్లల మీదా పెద్దల మీదా జరిగాయి. ఉత్త బిళ్ళ మింగినవాళ్ళకు జలుబు ఎన్నాళ్ళలో తగ్గిందో మందు మింగినవాళ్ళకూ అన్నాళ్ళలోనే తగ్గింది. ఒక్క తేడా కనిపించింది. మందు మింగినవాళ్ళలో విరేచనాలూ, వాంతులూ, ఒంటిమీద దద్దుర్లూ ఎక్కువ.

ఇంతకీ ఎందుకు పనిచెయ్యదు?

1914లో జర్మనీలోని లీప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ క్రూసె అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేసే సహాయకుడికి జలుబు చేసింది. క్రూసె అతని ముక్కు స్రావాన్ని ఉప్పునీటిలో కలిపి, బాక్టీరియా దూరలేనంత సన్నని రంధ్రాలున్న వడపోత గుండా పంపాడు. కింద దిగిన ద్రవాన్ని పన్నెండుమంది తోటివారి ముక్కుల్లో చుక్కలు చుక్కలుగా వేశాడు. నలుగురికి జలుబు చేసింది. తరవాత 36 మంది విద్యార్థుల మీద ప్రయత్నిస్తే 15 మందికి చేసింది. (ఆ విద్యార్థులకు ఏమని చెప్పి ఒప్పించాడో మరి!) వడపోతలో బాక్టీరియా ఆగిపోయినా జలుబు ఆగలేదంటే, దాన్ని తెచ్చేది బాక్టీరియా కంటే ఎంతో చిన్నదైన మరేదో అన్నమాట. ఆ మరేదో వైరస్.

ఎంత చిన్నదంటారా? మీ స్కేలు మీద ఒక్క మిల్లీమీటరు గీత చూడండి. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాను వరసగా పేరిస్తే ఆ మిల్లీమీటరులో సుమారు వెయ్యి పడతాయి. జలుబు తెచ్చే రైనోవైరసులైతే ముప్ఫై వేలకు పైగా పడతాయి. ఈ రైనోవైరసుల్లోనే నూట అరవైకి పైగా రకాలున్నాయి. ఒకదాన్ని ఓడించడం మన ఒంటికి అలవాటయ్యేలోపల మరొకటి వస్తుంది. ఇవి కాక ఇంకా ఎన్నో కుటుంబాల వైరసులు జలుబు తెస్తాయి. ఇంగ్లండులోని సాల్స్‌బరీలో జలుబు కోసమే 1946లో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. జలుబు అంటించుకోవడానికి సిద్ధపడిన వేలాదిమందిని అక్కడ ఉంచి పరిశీలించారు. 1990లో మూసేసేనాటికి కూడా జలుబుకు మందు దొరకలేదు గాని, 1965లో అక్కడ ఒక కొత్తరకం వైరస్ బయటపడింది. ఆ కుటుంబానికి తరవాత పెట్టిన పేరు మీకు బాగా తెలుసు. కరోనా వైరస్.

బాక్టీరియాకూ వైరసుకూ తేడా పరిమాణంలోనే ఉంటే గొడవే లేదు. బాక్టీరియా సొంత ఇల్లున్న సంసారి. దాని చుట్టూ గట్టి కణకవచం ఉంటుంది, అది ఇంటి గోడ. లోపల మాంసకృత్తులు తయారుచేసుకునే రైబోసోములుంటాయి, అవి వంటిల్లు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి ఆ గోడ కట్టే పనిని ఆపేస్తాయి. గోడ పూర్తికాక బాక్టీరియా పగిలిపోతుంది. మన కణాలకు అలాంటి గోడే లేదు కాబట్టి మనకు హాని ఉండదు. టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ లాంటివి బాక్టీరియా వంటింట్లో పొయ్యి ఆర్పేస్తాయి. దాని రైబోసోములు మన రైబోసోముల్లాంటివి కావు కాబట్టి ఇదీ సాధ్యపడుతుంది.

మరి వైరస్? దానికి గోడా లేదు, వంటిల్లూ లేదు. మన ముక్కులోని కణాల్లో దూరి మన వంటింట్లోనే వండుకు తినే రకం. గోడ పడగొట్టే మందుకు అక్కడ గోడే కనపడదు. పొయ్యి ఆర్పే మందుకు బాక్టీరియా పొయ్యి కనపడదు. మోతాదు పెంచినా, ఖరీదైన రకం కొన్నా, బిళ్ళకు బదులు సూదిమందు వేయించుకున్నా అంతే. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వచ్చినప్పుడు మనదేశంలో ఎంతోమంది అజిత్రోమైసిన్ మింగారు. ఇంగ్లండులో వేలమంది కోవిడ్ రోగుల మీద జరిపిన పరీక్షల్లో దానివల్ల ప్రయోజనం లేదని 2021లో తేలింది. ఈ మాట పైన చెప్పిన గోడల కథ తెలిసినవాళ్ళకు పెద్ద ఆశ్చర్యం కలిగించదు.

"అదంతా సరే, ముక్కు పచ్చబడింది కదా, అది చీము కాదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆ రంగు బాక్టీరియాది కాదు, మీ సొంత సైన్యానిది! వైరసుతో పోరాడడానికి తెల్ల రక్తకణాలు లక్షలాదిగా ముక్కులోకి దిగుతాయి. వాటిలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంది. ఇనుము కలిగిన ఆ ఎంజైము రంగే ఆకుపచ్చ. కణాలు చితికి అది బయటపడితే చీమిడి పచ్చబడుతుంది. మామూలు జలుబులో రెండుమూడు రోజులకు జరిగేదే ఇది. పచ్చరంగు చూసి మందుకు పరిగెత్తనక్కర్లేదు.

చీమిడి అంటే అసహ్యించుకుంటాం గాని, లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అలా అనుకోలేదు. 1921లో ఆయనకు జలుబు చేసింది. తన ముక్కు చీమిడినే కాస్త తీసి, బాక్టీరియా పెరుగుతున్న గాజుపళ్ళెంలో వేసి చూశాడు. దాని చుట్టూ బాక్టీరియా కరిగిపోయింది! అందులో ఉన్న బాక్టీరియా సంహారిణికి లైసోజైమ్ అని పేరు పెట్టాడు. కన్నీళ్ళలో, ఉమ్మిలో, కోడిగుడ్డు తెల్లసొనలో కూడా అది ఉందని తేల్చాడు. కన్నీళ్ళ కోసం తోటివారి కళ్ళల్లో నిమ్మతొక్క పిండేవాడట. ఏడేళ్ళ తరవాత, 1928లో, మరో పళ్ళెంలో బూజు చుట్టూ బాక్టీరియా కరిగిపోవడం చూసినప్పుడు ఆ దృశ్యం ఆయన కంటికి కొత్త కాదు. అదే పెన్సిలిన్.

జలుబు కోసం తిన్న మందు ఎక్కడికి పోతుంది?

మందు వైరసును ఏమీ చెయ్యలేదు సరే, ఒంట్లోకి వెళ్ళాక ఊరుకుంటుందా? ఊరుకోదు. మన పేగుల్లో, గొంతులో, ముక్కులో కోటానుకోట్ల బాక్టీరియా కాపురం ఉంటుంది. వాటిలో చాలాభాగం మనకు స్నేహితులే. మందు వాటిమీద పడుతుంది. విరేచనాలు అందుకే.

పిల్లల విషయంలో పాత సాక్ష్యం ఒకటుంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయానికి డైరెక్టరుగా ఉండగా, ఆయన కింద పనిచేస్తున్న బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ రాష్ట్రపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందు తీశాడు. పేరు ఆరియోమైసిన్. 1948లో లోకానికి తెలిసిన ఆ మందే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. సుబ్బారావు గారు అదే సంవత్సరం పోయారు. ఆ కుటుంబపు మందులు ఎందరి ప్రాణాలో కాపాడాయి. కాని తరవాతి ఏళ్ళలో చిన్నపిల్లలకు కూడా విరివిగా వాడేసరికి, పెరుగుతున్న పళ్ళలో ఆ మందు చేరి పసుపు, గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. తోమినా పోని మచ్చలవి. అందుకే ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్‌ను మామూలు జబ్బులకు వాడడం మానేశారు. మందు తప్పు కాదది. అవసరమైన చోట వాడితే ప్రాణం ముందు పళ్ళరంగు ఒక లెక్కా? కాని జలుబుకు వాడితే?

ఇంతకంటే పెద్ద చిక్కు ముక్కులోనే ఉంది. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ అనే బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కుల్లో కూడా ఏ గొడవా చెయ్యకుండా ఉంటూ ఉంటుంది. మీరు జలుబని యాంటీబయోటిక్ మింగారనుకోండి. మెతక న్యుమోకాకస్‌లు చస్తాయి. వేలల్లో ఒకటి, పుట్టుకలో వచ్చిన ఏ చిన్న మార్పు వల్లనో మందుకు లొంగనిది, మిగులుతుంది. ఇప్పుడు దానికి పోటీ లేదు, చోటంతా దానిదే. బాక్టీరియాకు అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకొకసారి ఒకటి రెండవుతుంది. ఆ లెక్కన ఏడు గంటల్లో ఒక్కటి ఎన్నవుతుందో మీరే గుణించి చూడండి. 20 లక్షలు దాటుతుంది. ముక్కులో అంత జోరుగా పెరగకపోవచ్చు గాని, దారి మాత్రం అదే. పైగా కొన్ని బాక్టీరియాలు మందును తట్టుకునే విద్యను పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా అందిస్తాయి, పరీక్షలో చీటీ అందించినట్టు! మీరు ఆ ముక్కుతో ఇంటికి వెళ్ళి, ఆరునెలల చెల్లాయిని ముద్దు పెట్టుకుంటారు.

ఇది కట్టుకథ కాదు. 1945 డిసెంబరులో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు ఫ్లెమింగ్ సరిగ్గా ఇలాంటి కథే చెప్పాడు. ఎవరో ఒకాయనకు గొంతునొప్పి వచ్చి, పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వాడతాడు. ఆయన గొంతులో సూక్ష్మజీవులు చావకపోగా మందుకు ఆరితేరతాయి. ఆయన భార్యకు అవే అంటుకుని న్యుమోనియా వస్తుంది. పెన్సిలిన్ ఇస్తే పనిచెయ్యదు. ఆవిడ చనిపోతుంది. ఫ్లెమింగ్ తన కథకు ఎంచుకున్న స్ట్రెప్టోకాకస్ చిత్రంగా ఇప్పటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. న్యుమోకాకస్ మాత్రం మాట తప్పింది. 1977లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పెన్సిలిన్‌కు లొంగని న్యుమోకాకస్ వల్ల రోగులు చనిపోయారు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించారని శాస్త్రవేత్తలు అంచనా కట్టారు.

మరయితే యాంటీబయోటిక్ ఎప్పుడు కావాలి?

ఇంత చదివి, ఇక యాంటీబయోటిక్ ముట్టనే ముట్టనని ఒట్టు పెట్టుకోకండి. అది ఇంకో తప్పు. కావలసినప్పుడు అది అమృతమే.

గొంతునొప్పి సంగతి చూడండి. మీ వయసు పిల్లలకు వచ్చే గొంతునొప్పుల్లో పదింటికి సుమారు ఏడు వైరసులవే. మిగతా మూడూ స్ట్రెప్టోకాకస్‌వి. ముక్కు కారుతూ, దగ్గు వస్తూ, గొంతు బొంగురుపోతే అది చాలావరకు వైరసే. అలా కాక ఉన్నట్టుండి జ్వరం వచ్చి, మింగుడు పడక, టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి వాటిమీద తెల్లటి చీము కనిపించి, దవడ కింద గ్రంథులు వాచి ముట్టుకుంటే నొప్పెడుతుంటే, దగ్గూ జలుబూ మాత్రం లేకపోతే, అనుమానించాలి. డాక్టరు గొంతులోంచి దూదిపుల్లతో స్రావం తీయించి పరీక్ష చేయించవచ్చు. ఎందుకంత జాగ్రత్త అంటే, ఆ గొంతునొప్పి తగ్గిపోయిన రెండుమూడు వారాలకు కొందరు పిల్లలకు కీళ్ళు వాచి జ్వరం వస్తుంది. దాన్ని కీళ్ళవాత జ్వరం అంటారు. కీళ్ళు బాగుపడతాయి గాని, గుండెలోని కవాటాలు జీవితాంతం పాడైపోవచ్చు. మనదేశంలో ఈ గుండెజబ్బు ఇంకా ఉంది. స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పికి పెన్సిలిన్ ఇస్తే ఈ ముప్పు తప్పుతుందని అమెరికా వైమానికదళపు సైనికుల మీద జరిగిన పరిశీలన 1950లో రుజువు చేసింది. నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు ఇచ్చినా ఫలితముంటుంది. నోటిమందు అయితే పదిరోజులూ వాడాలి. మూడోరోజుకే గొంతు బాగుపడిందని మానెయ్యకూడదు.

చెవిపోటు చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. రెండేళ్ళు దాటిన పిల్లలకు మరీ ఎక్కువగా లేకపోతే డాక్టర్లు రెండుమూడు రోజులు ఆగి చూస్తారు. జలుబు పదిరోజులు దాటినా ఏమాత్రం దిగకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరంతో తిరగబెడితే, ముక్కు పక్క గాలిగదుల్లో బాక్టీరియా చేరి ఉండవచ్చు. ఇవన్నీ డాక్టరు చూసి తేల్చవలసిన సంగతులు. డాక్టరుగారు చూసి "మందు అక్కర్లేదు, ఉప్పునీళ్ళు పుక్కిలించు, వేడివేడిగా ఏదైనా తాగు, నిద్రపో" అన్నారంటే తెలియక అన్నట్టు కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు "ఏం డాక్టరమ్మా, ఓ సూదైనా వెయ్యలేదు" అని విసుక్కున్నప్పుడు గోడా వంటిల్లూ కథ మీరే చెప్పండి. షాపువాళ్ళు ఇచ్చిన మందు అట్టమీద నిలువుగా ఎర్రగీత ఉందేమో కూడా చూడండి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులకు ఆ గీత గుర్తు.

అన్నిటికంటే తొందరపడవలసింది చంటిపిల్లల న్యుమోనియాకు. అది జలుబులాగే మొదలై ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అక్కడ గంటలు కూడా విలువైనవే. జలుబేదో న్యుమోనియా ఏదో ఎక్స్‌రే లేని పల్లెలో ఎలా పోల్చడం? ఊపిరి లెక్కపెట్టి! రెండు నెలల లోపు పసికందు నిమిషానికి 60 సార్లు గాని అంతకుమించి గాని ఊపిరి తీస్తుంటే, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డ 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డ 40 సార్లు గాని ఆ పైన గాని తీస్తుంటే ప్రమాదం. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా లెక్కతో పని లేదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మన ప్రాణహిత నది అవతలి ఒడ్డున మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ పల్లెల్లో న్యుమోనియాతో పిల్లలు పిట్టల్లా రాలిపోతుంటే, అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1988లో గ్రామ ఆరోగ్య కార్యకర్తలకూ మంత్రసానులకూ ఊపిరి లెక్కపెట్టడం నేర్పారు. చదువురాని మంత్రసానుల కోసం పూసలున్న ఒక చట్రం తయారుచేశారు. అందులో నిమిషంపాటు ఇసుక జారే గాజు గడియారం ఉంటుంది. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస దాకా వస్తే న్యుమోనియా అన్నమాట, వెంటనే మందు మొదలుపెట్టాలి. అలా వైద్యం అందిన 612 కేసుల్లో చనిపోయినవారు నూటికి ఒక్కరికంటే తక్కువ. ఆ వైద్యం లేని పక్క పల్లెల్లో నూటికి పదముగ్గురు పైనే. ఆ వివరాలు 1990లో అచ్చయ్యాయి. మందు ఖరీదైనదేమీ కాదు, మామూలు యాంటీబయోటిక్కే.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో చంటిపాప ఉంటే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి లెక్కపెట్టి చూడండి. సెకన్ల ముల్లున్న గడియారం దగ్గర పెట్టుకోండి. పాప నిద్రపోతున్నప్పుడో ప్రశాంతంగా ఉన్నప్పుడో పొట్టమీది బట్ట కాస్త పైకి తీసి, పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి చొప్పున లెక్కించండి. ఏడుస్తున్నప్పుడూ పాలు తాగుతున్నప్పుడూ వచ్చే లెక్క పనికిరాదు. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేద్దామని చూడకండి. పసిపిల్లల ఊపిరి ఒకే తీరున నడవదు, కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా సాగుతుంది. నిమిషం నిండా లెక్కపెట్టాలి. ఎక్కువ వచ్చిందనిపిస్తే కాసేపాగి మళ్ళీ ఇంకో నిమిషం లెక్కపెట్టండి.